కళ్ళు మూసుకున్నంతసేపు

నాకు భయమెక్కువ. మా ఇంట్లో అందరూ నవ్వుతూ చెప్పే మాట ఇది. ద్రాక్షపండును నాలుగు ముక్కలు చేసిగానీ మా పాప రూతుకు పెట్టనని, పల్లీల డబ్బా అటక మీద దాచానని మా ఆయన శామ్యూల్ చర్చిలో పదిమందికి చెప్పి నవ్విస్తాడు. నవ్వేవాళ్ళను నవ్వనీ. పసిపిల్ల గొంతు ఎంత సన్నగా ఉంటుందో వాళ్ళకు తెలీదు, తెలుసుకోవాల్సిన అవసరమూ రాలేదు.

ఆ ఆదివారం రూతు పుట్టినరోజు. నాలుగు నిండాయి. ఆరాధన అయ్యాక హన్మకొండలో కొత్తగా పెట్టిన నూడుల్స్ హోటల్‌కు పోదామన్నాడు శామ్యూల్. జపాన్‌ది, కొరియాది, థాయ్‌లాండ్‌ది, అన్ని దేశాల తిండీ ఒక్కచోటే దొరుకుతుందట. బిర్యానీ లేని పుట్టినరోజు ఏం పుట్టినరోజని మా మామయ్య జ్ఞానప్రకాశం గారు ముఖం ముడుచుకున్నారు గానీ, మనవరాలు చొక్కా పట్టుకుని గుంజేసరికి మెత్తబడిపోయారు.

నక్కలగుట్ట రోడ్డు మీద మొదటి అంతస్తులో ఉంది ఆ హోటల్. పైనుంచి ఎర్రటి కాగితం బుడ్డీలు వేలాడుతున్నాయి. గోడ మీద పెద్ద పిల్లి బొమ్మ. ఏదో కొరియా పాట చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. కాలేజీ పిల్లలు పుల్లలతో నూడుల్స్ పైకెత్తుతూ, జారిపోతే నవ్వుకుంటూ ఫోటోలు దిగుతున్నారు. గోడ పక్కన ఒక పొడుగు బల్ల దొరికింది. ఒకవైపు నేను, నాకు కుడిపక్కన మామయ్య, ఎడమపక్కన శామ్యూల్. ఎదురుగా మా అత్తమ్మ సుశీల. ఆమెకూ గోడకూ మధ్యలో రూతు.

ముందు బబుల్ టీలు వచ్చాయి. పొడుగు గ్లాసులు, మూతకు బదులు పైన బిగించి అతికించిన ప్లాస్టిక్ కాగితం. చివర ఏటవాలుగా కోసిన లావుపాటి స్ట్రాతో ఆ కాగితాన్ని టప్పున పొడిచి తాగాలి. అడుగున నల్లగా, గుండ్రంగా గోళీలు. పిల్లలు గోళీకాయలాడుకునేంత లేవు గానీ, రూతు గొంతుకు అడ్డం పడేంత ఉన్నాయి.

"ఇవి పాపకొద్దు అత్తమ్మా. పాపకు గోళీలు లేకుండ మామిడిపండుది చెప్పిన," అన్నాను.

"సగ్గుబియ్యమే గదనే. పాయసంల ఎయ్యమా? నోట్ల ఏసుకుంటె కరిగిపోతది," అంది అత్తమ్మ, తన గ్లాసుకు స్ట్రా పొడుస్తూ.

"గవి కరగయి అత్తమ్మా, నమలాలె. రబ్బరు లెక్క సాగుతయి."

"నీకన్నీ ఫికర్లే," అన్నాడు శామ్యూల్. "జర పుట్టినరోజు నాడన్న ఊకో."

రూతు నానమ్మ గ్లాసుకేసి చూస్తూనే ఉంది. తన గ్లాసు కాగితం ఇంకా పొడవలేదు. ప్రార్థన కానిదే ఎవరూ ఏదీ నోట పెట్టకూడదన్నది మా ఇంటి పద్ధతి. పానీపూరీ బండి దగ్గరైనా సరే, ముందు ప్రార్థన, తర్వాతే పూరీ. చేతులు పట్టుకోవాలి, కళ్ళు మూసుకోవాలి, ఆమేన్ అనేదాకా తెరవకూడదు. పెళ్ళైన కొత్తలో స్టవ్ మీద పాలు పొంగిన వాసనకు లేచివెళ్ళాననే నేరానికి నాకు వారం రోజులు ప్రసంగాలు నడిచాయి. పాలు పోతే ఇరవై రూపాయలు, భక్తి పోతే ఏం మిగుల్తదని మామయ్య అడిగారు.

నూడుల్స్ గిన్నెలు వచ్చాయి, పైన పొగలు, ఉడికించిన కోడిగుడ్డు సగం ముక్కలు. మామయ్య సర్వర్‌ను పిలిచారు.

"బిడ్డా, జర ఆ పాట బంద్ చెయ్యరాదు. ప్రార్థన చేసుకుంటం."

ఆ అబ్బాయి పాపం మంచివాడు. పాట ఆపేశాడు. పక్క బల్లలవాళ్ళు కూడా ఎందుకో గొంతు తగ్గించారు. మామయ్య నా కుడిచేయి పట్టుకున్నారు, శామ్యూల్ ఎడమచేయి. ఎదురుగా అత్తమ్మ రూతు చేయి పట్టుకుంది. నేను కళ్ళు మూసుకున్నాను.

"పరిశుద్ధుడవైన తండ్రీ, ఈ పసిబిడ్డను ఇన్ని దినములు కంటికి రెప్పవలె కాపాడినందుకు నీకు స్తోత్రం..."

మామయ్య మామూలుగా మాట్లాడితే మా ఊరి మాట, ప్రార్థనకొస్తే గ్రంథం మాట. రూతు పుట్టిన రోజు నుంచి మొదలుపెట్టారు. ఆమె చదువు, ఆమె భవిష్యత్తు. అక్కడినుంచి కేసముద్రం మార్కెట్లో పత్తి అమ్ముకోలేక కూర్చున్న తమ్ముడి దగ్గరికి వెళ్ళారు. తర్వాత రఘునాథపల్లిలో మోకాళ్ళు పట్టేసిన చెల్లెలు. నూడుల్స్ చల్లారిపోతున్నాయి. దేవుడికి వీళ్ళందరి సంగతీ ముందే తెలుసు కదా అని నాలో నేను సణుక్కున్నాను.

అప్పుడు చప్పుడు వినబడింది. స్ట్రాలో గాలి, పాలు కలిసి పైకెక్కే జుర్రుమనే చప్పుడు. వెంటనే తుప్, తుప్ అని రెండు మూడు గోళీలు ఎగదన్నిన చప్పుడు. పక్క బల్ల అనుకున్నాను. కాలేజీ పిల్లలే అనుకున్నాను. అనుకుంటూనే ఒళ్ళంతా చెవులు చేసుకుని విన్నాను. మళ్ళీ రాలేదు.

మోకాలికి ఏదో తగిలింది. రూతు బూటు. బల్లకింద కాళ్ళాడిస్తోంది, ఆడుకుంటోంది. మళ్ళీ తగిలింది, ఈసారి గట్టిగా. తర్వాత ఇంకోటి. ఆటలో అంత గట్టిగా తన్నదే నా బిడ్డ. కళ్ళు తెరవాలి. తెరిస్తే ఏమంటారు? ఏమీ లేకపోతే, ఊరికే ఆడుకుంటుంటే, పుట్టినరోజు పూట పిల్ల కోసం చేసే ప్రార్థనలో తల్లే కళ్ళు తెరిచిందని ఏడాదంతా వినాలి. ఆ ఆలోచన వచ్చినంతసేపు నా కళ్ళు మూసే ఉన్నాయి. తన్నులు ఆగిపోయాయి.

నేను కళ్ళు తెరిచాను.

రూతు నోరు తెరుచుకుని ఉంది. ఏడుపు లేదు, దగ్గు లేదు, ఊపిరి చప్పుడు లేదు. కళ్ళు నావైపే, ఇంతింత చేసుకుని. పెదాల చుట్టూ నీలం. అత్తమ్మ గ్లాసులో స్ట్రా వంగి రూతువైపు తిరిగి ఉంది. పాప ఒక చేయి గొంతు దగ్గర పెట్టుకుంది. రెండో చేయి నానమ్మ గుప్పిట్లో ఉంది. గుంజుకుంటోంది, అత్తమ్మ కళ్ళు మూసుకుని ఇంకా గట్టిగా పట్టుకుంటోంది.

అరవాలనుకున్నాను. నోరు పెగల్లేదు. "పాప..." అన్నానేమో, నాకే వినబడలేదు. లేవబోయాను. మామయ్య నా చేయి వదల్లేదు. గుంజాను. ఆయన వేళ్ళు ఇంకా బిగిశాయి. ప్రార్థన గొంతు పెరిగింది. "అపవాది ఈ బిడ్డ మీద పన్నే ప్రతి పన్నాగమును..." నా భయం ఆయనకు ఆ సాతానులాగే కనిపించిందేమో. ఇంత ఇరుకు బల్ల, చేయి చాస్తే అందేంత దూరం, నా బిడ్డ నా కళ్ళముందే పోతోంది, నన్ను దేవుడి పేరుతో కట్టేశారు. అంత భయం నేనెప్పుడూ ఎరగను.

ఎలా గుంజుకున్నానో తెలీదు. బల్ల జరిగింది, సూప్ ఒలికింది, ఎవరో కెవ్వుమన్నారు. బల్ల మీదుగానే రూతును చంకల కింద పట్టి లాగేసి, నా మోకాళ్ళ మీద బోర్లా, తల కిందికి వచ్చేలా వేసుకుని, వీపు మీద రెక్కల మధ్య అరచేత్తో కొట్టాను. ఏమీ రాలేదు. మళ్ళీ కొట్టాను. ఫోన్లో చూసి చూసి బట్టీ పట్టిన పని అది, నవ్వేవాళ్ళ మధ్య కూర్చుని నేర్చుకున్న పని. మళ్ళీ కొట్టాను. చేతికింద ఆ వీపు కోడిపిల్లంత ఉంది. ఇంత గట్టిగా కొడితే ఎముకలు విరుగుతాయేమో, కొట్టకపోతే ఎముకలే మిగుల్తాయి. కొట్టాను.

నల్లటి గోళీ ఒకటి నేలమీద పడి దొర్లింది. దాని వెనకే ఇంకోటి, పాలు, చొల్లు. తర్వాత ఊపిరి లోపలికి వెళ్ళిన చప్పుడు, చినిగినట్టు. ఆ తర్వాత ఏడుపు. ఏడుపు అంత బాగుంటుందని నాకు అప్పటిదాకా తెలీదు.

ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరమ్మ ఛాతీ విని, ఎక్స్‌రే తీయించి, ఊపిరితిత్తుల్లో ఏమీ లేదంది, కాసేపు కనిపెట్టుకుని ఉండమంది. వరండాలో ఇనుప కుర్చీల్లో కూర్చున్నాం. రూతు నా ఒళ్ళో ఉంది.

"చెయ్యి గుంజుకుంటాంటె ఆటలాడుతాందనుకున్న. నా చేతులిరగ," అని అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"ఊకో అమ్మా," అన్నాడు శామ్యూల్. ఏడ్చి ఏడ్చి అతని కళ్ళు కూడా ఉబ్బాయి. "బాపు ప్రార్థన చేస్తానే ఉండె. అందుకే దేవుడు కాపాడిండు."

నాకు మంట నెత్తికెక్కింది. కాపాడింది దేవుడే కావచ్చు, నేనేం కాదనను, కానీ మీ నాన్న పట్టుకున్న చేతిని విడిపించుకున్నాకే కాపాడాడు, అనబోయాను. అంతలో మామయ్య నోరు తెరిచారు.

"కాదురా," అన్నారు. నావైపు తిరిగారు. "నువ్వు చెయ్యి గుంజుకున్నప్పుడు నా కండ్లు తెరిచే ఉన్నయి బిడ్డా."

ఎవరికీ అర్థం కాలేదు.

"ఎప్పటికీ తెరుస్త. ఎవలు కండ్లు మూసుకోలేదో చూస్త. ఇయ్యాల నువ్వు తెరిచినవు. నేను నిన్నే చూస్తాన్న. ఆమేన్ అనంగనే ఏమనాల్నో అదే మనసుల అనుకుంటాన్న. పిల్ల నాకెదురుంగనే ఉండె బిడ్డా. జర తల తిప్పితే కనపడుతుండె."

శామ్యూల్ తల దించుకున్నాడు. అత్తమ్మ ఏడుపు ఆగిపోయింది. నాకు కోపం రావాలి కదా, రాలేదు. భయమేసింది. గోళీలను చూసి వేసిన భయం కాదిది. గోళీలను వద్దని పక్కకు పెట్టొచ్చు. ఈయనతో రేపు పొద్దున మళ్ళీ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి, మళ్ళీ చేయి ఇవ్వాలి.

"తాతా," అంటూ రూతు ఆయనవైపు చేతులు చాపింది. ఆయన కూడా చాపబోయి, నా ముఖం చూసి, చేతులు మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నారు. రూతు గింజుకుంది. నేను వదల్లేదు. మళ్ళీ గింజుకుంది.

"అమ్మా, ఇడువు," అంది బొంగురుపోయిన గొంతుతో. "నొస్తాంది."