సగం చూపు

నౌపడలో స్టేషను దాటి ఉప్పుమళ్లకు వెళ్లే దారిలో రూబీ కాపురం. భర్త స్టాన్లీ హైస్కూలు మాస్టారు. మామగారు సత్యానందం రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. అత్తగారు ఎలీసమ్మ పోయాక ఆయనకు మతిమరుపు ముదిరిపోయింది. చొక్కా తొడిగితే విప్పేస్తారు. డ్యూటీకి టైమైందంటూ గేటు దాకా వెళ్తారు. ఆయన్ని కనిపెట్టుకుని ఉండడం రూబీ పని. వంట, నీళ్లు, రెండేళ్ల మెర్సీ, ఇంట్లో కుట్టుమిషను, అవీ ఆమె పనులే.

స్టాన్లీ చెడ్డవాడు కాడు. ఆడవాళ్ల మెదడు ఒకేసారి నాలుగు పనులు చూసుకోగలదనీ, మగవాడిది ఒక్కదాన్నే పట్టుకుంటుందనీ ఏదో పేపర్లో చదివాడు. అప్పట్నుంచీ ఆ ఇంట్లో అదే చట్టం. "నాను సదివితే సదువే. మద్దెలో పిలిస్తే అదీ పోతాది, ఇదీ పోతాది. నీకలా కాదు కదా," అనేవాడు నవ్వుతూ. చర్చిలో పదిమంది ముందూ మెచ్చుకునేవాడు. మొదట్లో రూబీకి ఆ మాట బాగానే ఉండేది.

ఆ రెండో శనివారం పొద్దున్నే స్టాన్లీ డిపార్ట్‌మెంటు పరీక్షకు చదువుకుంటూ తలుపు వేసుకున్నాడు. మెర్సీకి జ్వరం, చంక దిగనంటోంది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. వీధి కుళాయి వచ్చింది, కాసేపట్లో ఆగిపోతుంది. మామయ్య వరండాలో కుర్చీలో ఉన్నారు. బిందె దింపుతూ చూసింది, ఉన్నారు. గంజి వారుస్తూ చూసింది, ఉన్నారు. అంతలో మెర్సీ ఒళ్లంతా వాంతి చేసుకుంది. పిల్లను కడిగి, గౌను మార్చి బయటికొచ్చేసరికి కుర్చీ ఖాళీ. గేటు బార్లా తీసి ఉంది. ఆఖరి బిందె తెచ్చినప్పుడు గడియ వెయ్యనిది తనే.

రూబీ గది తలుపు బాదింది. "ఏవండీ, మావయ్య కుర్చీలో నేరు!"

"నేరంటే? నువ్వు సూస్తన్నావు కదా?"

"పాపనెత్తుకుని మీరు ఉప్పుమళ్లేపు ఎల్లండి. నాను పట్టాలేపు ఎల్తాను."

"పాపనెత్తుకుని నాన్ననెలా ఎతుకుతానే? జొరం మీదున్నాది. రెండిట్లో ఏదో ఒకటి సెప్పు."

రూబీ అతని మొహంలోకి చూసింది. పిల్లను అతని చేతుల్లో పెట్టి పరుగు తీసింది.

రైల్వే గేటు దగ్గరకు చేరేసరికి రైలు కూత వేసింది. బండి వెళ్లినంతసేపూ ఆమె చెవులు మూసుకుని, "ప్రభువా, ప్రభువా" అంటూ నిలబడిపోయింది. ఆఖరి పెట్టె దాటాక పట్టాల వెంట కళ్లు పెట్టి చూసింది. ఏమీ లేదు. "సొక్కా లేని ముసలాయనా? ఇందాకే మళ్లేపు ఎల్లిపోనాడమ్మా," అన్నాడు గేట్‌మన్.

వచ్చిన దారినే వెనక్కి పరుగెత్తింది. గట్ల మీద చెప్పులు జారిపోయాయి. చీరుకున్న పాదాల్లో ఉప్పునీరు దిగి భగ్గుమంది. మామయ్యా అని అరిస్తే గొంతులోంచి గాలే వచ్చింది. దూరంగా ఒక మడిలో మోకాళ్ల లోతు బురదలో ఆయన నిలబడి, తువ్వాలు ఊపుతున్నారు.

"ఎలీసా, బండింకా రాలేదేటే?" అన్నారు రూబీని చూసి.

ఆయన చంకల కింద చేతులేసి లాగింది. ఆయన కదల్లేదు, తనూ దిగబడింది. ఇక ఆ బురదలో ఆయన్ని పట్టుకుని ఏడవడం తప్ప ఏమీ చేతకాలేదు. ఉప్పు ఎత్తుతున్న జగ్గమ్మ ఆ ఏడుపు విని మరో ఇద్దర్ని కేకేసుకుంటూ వచ్చింది. నలుగురూ కలిసి ఆయన్ని గట్టెక్కించారు.

ఇంటికొచ్చాక స్టాన్లీ తండ్రి కాళ్లు కడిగాడు. "అన్నీ సూసుకుంతావు. గేటెలా మరిసిపోనావే?" అన్నాడు.

"అన్నీ సూడ్నేదండి. అన్నీ సగం సగం సూసేను. ఇన్నాళ్లూ అంతే. ఏటీ అవనేదు కాబట్టి మీరు మెచ్చుకున్నారు."

స్టాన్లీ గొంతు తగ్గించి, "పగలు నాన్న కాలికి తాడు కట్టెద్దాం," అన్నాడు.

"బాత్రూముకి తీసుకెల్లినప్పుడల్లా ఆ తాడెవులు ఇప్పుతారు? మళ్లీ ఎవులు కడతారు?"

స్టాన్లీ తువ్వాలు అందుకుని తండ్రి కాళ్లు తుడిచాడు.

"నా వల్ల కాదండి," అంది రూబీ. పెళ్లయ్యాక ఆ మాట అనడం అదే మొదటిసారి. అన్నాక భయం వేసింది. తనూ కాదంటే మామయ్య ఏమైపోతారు?

సోమవారం స్టాన్లీ వారం రోజులు సెలవు పెట్టాడు. పరీక్ష మానుకున్నాడు. పొద్దున్నుంచీ తండ్రి పక్కనే కూర్చున్నాడు. విప్పేసిన చొక్కా తొడిగాడు, గేటు దాకా వెళ్తే చెయ్యిపట్టుకుని తెచ్చాడు, మళ్లీ తొడిగాడు. మధ్యాహ్నానికి కళ్లనిండా నీళ్లతో లోపలికొచ్చాడు.

"రూబీ, ఒక్క నిమిషం సూడవా? ముకం కడుక్కునొస్తాను."

"సూడను," అంది.

అతను తలవంచుకుని తిరిగి వరండాలోకి వెళ్లాడు. ఈ వారం సెలవు అయిపోయాక ఏం చెయ్యాలో ఇద్దరికీ తెలియదు. రూబీ నిద్రపోయిన మెర్సీ పక్కన నడుం వాల్చింది. కళ్లు మూసుకుందామనుకుంది. పడుకున్నచోటు నుంచి కిటికీలో మామయ్య భుజం కనిపిస్తోంది. ఉన్నారు.