సగం తాళంచెవి

నేను ఒక తాళంచెవిని. సరిగ్గా చెప్పాలంటే సగం తాళంచెవిని. నా ఒక్కదానివల్ల ఏ తలుపూ తెరుచుకోదు. బ్యాంకులో నగదు దాచే స్ట్రాంగ్ రూమ్ ఇనుప తలుపుకి రెండు తాళంచెవులుంటాయి. ఒకటి ఒకరి దగ్గర, రెండోది మరొకరి దగ్గర ఉండాలి. ఇద్దరూ వచ్చి, ఒకరి తర్వాత ఒకరు తిప్పితేనే తలుపు కదులుతుంది. మనిషి మీద మనిషికి నమ్మకం లేక పెట్టుకున్న పద్ధతి ఇది. దానికి వాళ్లు భద్రత అని పేరు పెట్టుకున్నారు. నాకేం అభ్యంతరం లేదు, ఆ అనుమానం వల్లే నేను పుట్టాను.

మమ్మల్ని చేసిన మేస్త్రి ఇద్దరినీ ఒకే ఇత్తడి కడ్డీలోంచి కోశాడు. పళ్లు ఆకురాయితో అరగదీసి, నూనెగుడ్డతో తుడిచి, పక్కపక్కన పెట్టి కాసేపు చూసుకున్నాడు. ఆ తర్వాత వేరువేరు కవర్లలో వేసి లక్క ముద్ర కొట్టాడు. ఇక మీదట మీరిద్దరూ ఒక చేతిలో పడకూడదని మాతో నవ్వుతూ అన్నాడు. అలా విడిపోయి మండపేట మెయిన్ రోడ్డు మీద ఉన్న ఒక బ్యాంకుకి చేరాం. ఆ బ్యాంకు పేరు చెప్పి లాభం లేదు, ఇప్పుడది లేదు.

నన్ను మొదట మోసిన క్యాషియరు పెళ్లి భోజనాల్లో కూడా ముద్దముద్దకీ ఎడంచేత్తో జేబు తడుముకునేవాడు. వడ్డించేవాళ్లు ఆయనకేదో నొప్పి అనుకునేవారు. రెండో ఆయన నన్ను దేవుడి మందిరంలో పెట్టి పూజ చేసేవాడు. ఒక శుక్రవారం నా పళ్లలో ఇరుక్కున్న కుంకుమ తాళంలోకి పోయి మధ్యాహ్నం దాకా తలుపు తెరుచుకోలేదు. జనం బయట తిడుతుంటే ఆయన లోపల దండం పెట్టుకుంటూ నిలబడ్డాడు.

మూడో ఆయనే ముక్తేశ్వరరావు. హెడ్ క్యాషియరు, యాభై దాటిన మనిషి. నా కథలో మిగతాదంతా ఆయనదే.

నా జత తాళంచెవి హైమవతి అనే ఆఫీసరు దగ్గర ఉండేది. ఆవిడ ఆయన్ని అన్నయ్యగారూ అని పిలిచేది, ఆయన ఆవిణ్ణి హైమమ్మా అనేవాడు. పొద్దున్న బ్యాంకు తెరవగానే ఇద్దరూ ఇనుప తలుపు ముందుకి వచ్చేవారు. ముందు నన్ను తిప్పాలి, తర్వాత నా జతని. ఆ కాస్త సేపట్లో వాళ్లిద్దరికీ బోలెడంత మాట నడిచిపోయేది. హైమవతి గారింట్లో కుక్కరు పేలిన సంగతి, ముక్తేశ్వరరావు భార్య కుసుమ కళ్ల సంగతి, అన్నీ అక్కడే. కుసుమకి కళ్లలో నీటి ఒత్తిడి పెరిగిపోయి చూపు మందగించింది. మధ్యాహ్నం భోజనం వేళకి ఆయన సైకిలెక్కి ఇంటికి పోయి, ఆమెను కుర్చీలో కూచోబెట్టి, కళ్లలో మందు చుక్కలు వేసి వచ్చేవాడు. ఆయన చెయ్యి వణకకుండా వేస్తాడని ఆమెకు గురి. ఇంకెవరు వేసినా సగం చెంపల మీదికి పోతుందనేది.

అలా నడిచిపోతున్న రోజుల్లో మా బ్యాంకుని ఒక పెద్ద బ్యాంకులో కలిపేస్తున్నారని తెలిసింది. ఆ పెద్ద బ్యాంకు బ్రాంచి అదే రోడ్డులో, నాలుగు కొట్లవతల ఉంది. రెండూ ఎందుకు, ఒకటి చాలు కదా అన్నారు. ఇద్దరు హెడ్ క్యాషియర్లలో ఒక్కరికే కుర్చీ. మిగిలినవాళ్లని ఫీల్డుకి పంపుతారట. అంటే ఏజెన్సీ ఊళ్లకి పోయి, గుమ్మం గుమ్మానికీ తిరిగి ఖాతాలు తెరిపించాలి. అది చేతకాకపోతే స్వచ్ఛందంగా తప్పుకోవచ్చట. మెడ పట్టి గెంటడాన్ని మనుషులు ఎంత మర్యాదగా చెప్పుకుంటారో చూడండి.

ముక్తేశ్వరరావు ఎవరితోనూ ఏమీ అనలేదు. ఇంట్లో అసలే అనలేదు. కానీ నాకు తెలుసు. అంతకుముందు చొక్కా జేబులో ఉండేదాన్ని, ఇప్పుడు నన్ను మొలతాడుకి కట్టుకున్నాడు. నోట్లు కడుతున్నా, టీ తాగుతున్నా ఆయన చెయ్యి చొక్కా కిందకి వచ్చి నన్ను తడిమి పోయేది. ఆ చెమటకి నేను నల్లబడ్డాను. సాయంత్రం తలుపు మూసి, తాళం వేసి, సైకిలెక్కి మార్కెట్టు దాటాక ఆగిపోయేవాడు. తాళం సరిగ్గా పడిందా? వెనక్కి తిరిగి వచ్చి పిడి పట్టుకుని లాగి చూసేవాడు. మళ్లీ బయల్దేరేవాడు. మళ్లీ ఆగేవాడు. ఇన్నేళ్లుగా కళ్లు మూసుకుని చేసిన పని మీద ఆయనకే నమ్మకం పోయింది. నా పళ్లు తాళాన్ని బిగించిన సంగతి ఆయనకి చెప్పలేకపోయినందుకు నాకు నిజంగా ఏడుపొచ్చేది.

హైమవతి ఇది కనిపెట్టింది. ఆ మర్నాటి నుంచి సాయంత్రం తాళం వేయగానే పిడి తను కూడా ఒకసారి లాగి చూసి, పైకి అనడం మొదలుపెట్టింది.

"తాళం పడిందండీ. నేను చూశాను."

అంతే. ఆయన తల ఊపి సైకిలెక్కి, మార్కెట్టు దాటి, ఆగకుండా ఇంటికి వెళ్లిపోయేవాడు. ఎప్పుడైనా కాలు నేల మీద పెట్టబోయినా, ఆవిడ చూసింది కదా అనుకుని మళ్లీ తొక్కేవాడు.

ఇంతలో పై ఆఫీసువాళ్లకి మా మీద దయ పుట్టింది. విలీనం వల్ల సిబ్బంది దిగులు పడుతున్నారని విని, మనోబలం నేర్పడానికి ఒక శిక్షకుణ్ణి పంపారు. చక్కగా ఇస్త్రీ చేసిన చొక్కా కుర్రాడు. అందరినీ నిలబెట్టి చప్పట్లు కొట్టించాడు, గట్టిగా నవ్వించాడు. ఆశ, ఆత్మవిశ్వాసం, తట్టుకునే శక్తి, మంచే జరుగుతుందన్న నమ్మకం, ఈ నాలుగూ మనిషి లోపలి ఆస్తులన్నాడు. మాట తప్పేమీ కాదు. నవ్వుతున్నంతసేపూ ముక్తేశ్వరరావు చెయ్యి మాత్రం నా మీదే ఉంది.

చివర్లో తలా ఒక ప్రశ్నల కాగితం ఇచ్చాడు. నిద్ర బాగా పడుతోందా, కష్టం వస్తే తట్టుకోగలనా, రేపటి మీద ఆశ ఉందా, ఇలాంటివి. అస్సలు లేదంటే ఒకటి, పూర్తిగా ఉందంటే ఐదు వేయాలి. పేరు రాయనక్కర్లేదు, నిర్భయంగా నిజం రాయండి అన్నాడు. పైన ఉద్యోగి నంబరు మాత్రం వేయమన్నాడు.

ఆ నంబరు చూడగానే బ్రాంచి మొత్తానికి ఒకే ఆలోచన వచ్చింది. ఎవరిని ఉంచాలో, ఎవరిని పంపాలో తేల్చడానికే ఇది. బలహీనుడని తేలితే పోయినట్టే. మర్నాడు ఇనుప తలుపు ముందు నన్ను తిప్పుతూ ముక్తేశ్వరరావు గొంతు తగ్గించి అన్నాడు.

"అన్నిటికీ ఐదులెట్టేశానమ్మా."

హైమవతి తన తాళంచెవి తిప్పకుండా ఆగింది.

"నేను ఉన్నదే రాసేశానండి. నిద్ర లేదని, ఆశ లేదని, అన్నీ ఒకట్లే."

"ఎంత పని చేశావమ్మా" అన్నాడాయన. ఆ రోజంతా ఆవిడ గురించి దిగులుపడ్డాడు. తన గురించి మాత్రం చాలా రోజుల తర్వాత కాస్త తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. నాకు తెలిసిపోయింది, పొట్ట మీదే కదా నా కాపురం.

వానలు మొదలయ్యాక ఆర్డర్లు వచ్చాయి. మేనేజరు ఆయన్ని గదిలోకి పిలిచి కూచోబెట్టి, కరచాలనం చేశాడు. మొత్తం జోన్‌లో తట్టుకునే శక్తి మీకే ఎక్కువని తేలిందండీ, మీలాంటి గట్టివాళ్లే ఏజెన్సీలో నిలబడగలరని పైవాళ్లు ముచ్చటపడి రాశారు అన్నాడు. వేళాకోళం కాదు, ఆ మనిషి నిజంగానే అభినందించాడు. పోస్టింగు చింతూరు దగ్గర. కుర్చీ నాలుగు కొట్లవతలి ఆయనకి దక్కింది. మోయగలనన్నవాడి నెత్తిన మూట పెట్టారు, అంతే.

హైమవతిని ఊళ్లోనే ఉంచారు. అది దయ అనుకునేరు. మానసికంగా నిలకడ లేదు కాబట్టి తాళాల బాధ్యత ఇవ్వకూడదని రాసి, పెద్ద బ్యాంకు బ్రాంచిలో ఒక మూల కుర్చీకి పంపారు. ఒకళ్లు అబద్ధం రాసి, ఒకళ్లు నిజం రాసి, ఇద్దరూ ఉన్నది పోగొట్టుకున్నారు.

బ్రాంచి మూసే రోజు స్ట్రాంగ్ రూమ్ ఖాళీ అయిపోయింది. గోడకి చెదలు పట్టిన గీతలు తప్ప లోపల దాచాల్సింది ఏమీ లేదు. అయినా నియమం ప్రకారం తాళం వేసి తాళంచెవులు అప్పగించాలి. ఇద్దరూ చివరిసారి తలుపు ముందు నిలబడ్డారు. ముక్తేశ్వరరావు మొలతాడు నుంచి నన్ను విప్పి రంధ్రంలో పెట్టబోయాడు. నేను అంచుకి తగిలి జారాను. మళ్లీ పెట్టాడు, మళ్లీ జారాను. కుసుమ కళ్లలో చుక్క తొణక్కుండా వేసిన చెయ్యి అది.

"భయమేస్తందమ్మా" అన్నాడు.

ఆ మాట రాయడానికి ఆ ప్రశ్నల కాగితంలో గడి ఉంది. అప్పుడు ఆయన రాయలేదు. ఇప్పుడు రాసుకునేవాళ్లెవరూ లేరు.

హైమవతి ఏ ధైర్యమూ చెప్పలేదు. నియమం కాదని తెలిసి కూడా ఆయన చెయ్యి మీద చెయ్యి వేసింది. ఇద్దరూ కలిసి నన్ను తిప్పారు. తర్వాత తన తాళంచెవి తిప్పి, పిడి లాగి చూసింది. ఆ ఖాళీ గదికి కూడా ఎప్పటిలాగే అంది.

"తాళం పడిందండీ. నేను చూశాను."

ఆయన తల ఊపాడు. సైకిలు తీసుకుని వాన్లోనే వెళ్లిపోయాడు.

తలుపు పాత ఇనుము కింద పోయింది. మమ్మల్నిద్దరినీ కలిపి తీగతో కట్టి, ఒక చీటీ తగిలించి, పెద్ద బ్రాంచికి పంపారు. మేస్త్రి అన్నది అబద్ధమైంది. జన్మలో మొదటిసారి నేనూ నా జతా ఒకే చేతిలో పడ్డాం, పనికిరామని తేలాక. ఎవరికీ అక్కర్లేని వస్తువులు మూల కుర్చీ దగ్గరికే కదా చేరేది, అలా హైమవతి సొరుగులోకి వచ్చాం. రబ్బరు స్టాంపులు, ఎండిన ఇంకు డబ్బా, మేమూ. ఎవరికి తాళాలు ఇవ్వకూడదన్నారో ఆ మనిషి దగ్గరే రెండు తాళంచెవులూ ఉన్నాయని ఎవరికీ తట్టలేదు.

ఇప్పుడు కుసుమకి చుక్కలు పక్కింటావిడ వేస్తోంది. సగం చెంపల మీదికి పోతోందని విన్నాను. ముక్తేశ్వరరావు చింతూరు అవతల ఏదో ఊళ్లో, భాష సగమే అర్థమయ్యే గుమ్మాల ముందు నిలబడి ఖాతా తెరవమని అడుగుతున్నాడు. తెలియనివాళ్లతో మాట కలపడం ఆయనకి ఎన్నడూ రాదు. పొద్దున్న బ్యాంకు తెరిచే వేళకి ఆయన చెయ్యి ఇప్పటికీ మొలతాడు తడుముకుంటుందనే నా నమ్మకం.

ఆ వేళకే హైమవతి ఫోను చేస్తుంది. మొదట్లో బావున్నారా అని అడిగేది. ఆయన బావున్నానమ్మా అనేవాడు. అది ఐదులు వేసిన గొంతేనని ఆవిడ పట్టేసింది. అందుకని అడిగే తీరు మార్చింది. సొరుగు కాస్త తెరిచి, మా తీగ మీద వేలు ఆనించి అడుగుతుంది.

"ఈ రోజు ఎంతండీ అన్నయ్యగారూ?"

అవతల లారీ హారనో, కోడి కూతో వినపడుతుంది. తర్వాత ఆయన చెప్తాడు.

"ఒకటమ్మా."

"నాకూ అంతేనండి" అంటుంది ఆవిడ. ఫోను పెట్టేసి, సొరుగు మూసి, పనిలో పడుతుంది. ఆ అంకెని ఎక్కడా రాసుకోదు.