ఐదు గుంటల అట్ట

నేను ఒక మందు అట్టను. నాకు ఐదు గుంటలు. నాలుగు చిన్న మాత్రలు ఒక పక్క కబుర్లాడుకుంటున్నట్టు ఉంటే, పెద్ద మాత్ర మరో పక్క ఒంటరిగా ఉండేది. దాని పేరు మిఫెప్రిస్టోన్. గర్భాన్ని నిలబెట్టేది ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్. బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపినట్టు, అది కూర్చోవలసిన చోట ముందే కూర్చుని దాని పని సాగనివ్వకపోవడమే పెద్ద మాత్ర పని. ఇలాంటి పని చేసే దాని చుట్టాన్ని ఒకదాన్ని గర్భసంచిలో గడ్డలకు కూడా వాడతారట. అంత మంచి వంశం మాది!

అయినా తణుకులో సత్తిరాజుగారి మందుల షాపులో నా బతుకు కింది సొరుగులోనే గడిచింది. జ్వరం మాత్రలు అద్దాల్లో దర్జాగా వేలాడుతుంటే, తనిఖీకి ఎవరైనా వస్తారేమోనని ఆయన నన్ను బామ్ సీసాల వెనక తోసి తాళం వేశాడు. డాక్టరు చీటీ తెచ్చినా, తేకపోయినా అందరికీ ఒకటే జవాబు, "మా దగ్గర ఉండదండి". ఉన్నాను బాబూ అని అరవాలనిపించేది. పద్నాలుగు నెలలు ఎవరూ నన్ను తాకలేదు.

ఒక ఉదయం సువార్త అనే ఆవిడ వచ్చింది. కుట్టుమిషను మీద బతికే మనిషి. భర్త ఏసుపాదం చేపల లారీతో హౌరా దారిలో ఉన్నాడు. డాక్టరు రాసిన చీటీ పట్టుకుని ఊళ్లో షాపులన్నీ తిరిగి, రెండోసారి ఇక్కడికే వచ్చింది.

"దేవుడిచ్చింది తీయించుకోడం ఏంటమ్మా? పెంచుకోవచ్చుగా?" అన్నాడు సత్తిరాజు. అక్కడున్న నలుగురూ తలలు తిప్పారు. ఉచిత సలహాకు చీటీ అక్కర్లేదు కదా.

"పెంచుకుందామనేనండీ, ఆరేళ్లు ఎదురుచూశాను. తొమ్మిదో వారంలో బిడ్డ గుండె ఆగిపోయిందండి. లోపలే ఉండిపోయింది. ఇంకా ఆలస్యమైతే నాకే ప్రమాదమన్నారు" అంటూ ఆమె స్కాన్ కాగితం గల్లా మీద పెట్టింది.

ఆయన దాన్ని చదివాడు. సొరుగు తాళం తీశాడు. అయినా అలవాటు పోతుందా? నన్ను పేపర్లో చుట్టి, నల్ల కవర్లో పెట్టి మరీ ఇచ్చాడు.

ఆస్పత్రిలో, చీటీ రాసిన డాక్టరు జుబేదాగారు పెద్ద మాత్రను నాలోంచి తీసి సువార్త అరచేతిలో పెట్టారు. సువార్త మింగలేదు.

"ఇంకొక్కసారి చూడండి డాక్టరుగారూ."

అప్పటికే వారం తేడాతో రెండు స్కాన్లు అయ్యాయి. అయినా ఆవిడ విసుక్కోకుండా మూడోసారి చూసి, తెరను ఆమె వైపు తిప్పారు. "లేదు తల్లీ." బిడ్డ పోయినా, ఆ సంగతి తెలియనట్టు ఆమె ఒళ్లు ఇంకా గర్భాన్ని కాపాడుతూనే ఉంది. నాకు చాలా బాధేసింది. సువార్త కళ్లు మూసుకుని మాత్ర మింగింది.

రెండు రోజుల తర్వాత డాక్టరు చెప్పినట్టే గర్భసంచిని ఖాళీ చేసే మిగతా నాలుగూ వేసుకుంది. పక్కింటివాళ్లకు కడుపునొప్పని చెప్పి తలుపేసుకుంది. ఏసుపాదం ఫోను చేస్తే, "పర్లేదండి, మీరు జాగ్రత్తగా నడపండి" అంది. పెట్టేశాక పళ్లు బిగించి ఏడ్చింది. ఆ పూటంతా గదిలో ఆమే, నేనూ. నాకు చేతులు లేవని అంతగా ఎప్పుడూ ఏడవలేదు.

సాయంత్రానికి అంతా అయిపోయింది. ఆమె నన్ను చెత్తబుట్టలో పడేసింది. కాసేపటికి మళ్లీ తీసి, తుడిచి, స్కాన్ కాగితంతో పాటు ఫైల్లో పెట్టుకుంది.

నాలుగో రోజు ఏసుపాదం వచ్చి ఫైలు తెరిచాడు. "ఖాళీ అట్టే కదే ఇది? పారేయలేదా?"

"ఉండనియ్యండి. ఆ రోజు నాతో ఉన్నది అదొక్కటే."

అతను నా గుంటల్ని ఒక్కొక్కటే వేలితో తడిమాడు, ఐదూ. తర్వాత నన్ను ఎక్కడ తీశాడో అక్కడే పెట్టి, వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు.