నాలుగో జ్వరం దాటినాక

కన్నడ సీమలోని మా తెలుగు ఊరి బడిలో నాలుగో క్లాసు దాకానే ఉండేది. ఒక్క గది, ఒక్క మేష్ట్రు. ఐదు నుంచి ఎనిమిది దాకా చదవాలంటే నాలుగు మైళ్ళ అవతల చింతామణిలో మిడిల్ స్కూలుకు పోవాలి. ఆ నాలుగు క్లాసులకీ ఈ నాలుగు క్లాసులకీ నడుమ గీత గీసిన మహానుభావుడెవరో గానీ, ఆయనకు ఆడపిల్లలు లేరని నా గట్టి నమ్మకం. మా ఊళ్ళో ఆడపిల్లల చదువులన్నీ ఆ గీత దగ్గరే ఆగిపోయేవి.

యాభై నాలుగులో నేను నాలుగో క్లాసు పాసయ్యాను, అదీ మగపిల్లలందరికంటే ముందు. మేష్ట్రు గంగప్పగారు స్వయంగా ఇంటికొచ్చి టీసీ ఇచ్చిపోయారు. మా నాయన వెంకటేశప్ప దాన్ని తీసుకుపోయి పెట్టెలో పెట్టేశాడు.

"నాలుగు అయిపాయ గదా, సాలు. పేరు రాసేది వచ్చె, కూడేది తీసేది వచ్చె. ఇంగేం కావల్ల?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అన్నం మానేశాను. ఒక్క పూటే లెండి. రెండో పూట సంగటీ బస్సారు పులుసూ వాసనకు పంతం ఓడిపోయింది. ఏడుపు మాత్రం ఆగలేదు.

మా అవ్వ అక్కయమ్మ ఇదంతా చూస్తూ ఊరుకుంది. ఆమెకు అక్షరం ముక్క రాదు. ఇంట్లో పట్టుపురుగుల పెంపకమంతా ఆమె చేతిమీదే నడిచేది. పురుగులు గూడు కట్టేలోగా నాలుగుసార్లు మేత మాని, తల ఎత్తి కదలకుండా ఉండి, పొర విడుస్తాయి. దాన్ని మేము జ్వరం అంటాం. నాలుగో జ్వరం నుంచి లేచాక వాటి ఆకలి ఇంతా అంతా కాదు. అప్పుడు తిన్నదే పట్టు అవుతుంది.

ఆ వారంలోనే ఒక పొద్దున పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచాయి. నాయన తోట నుంచి మల్బరీ ఆకు మోపు తెచ్చి దించాడు. అవ్వ పోయి ఆ మోపు మీద కూర్చుంది. కూర్చుని తీరిగ్గా వక్క నమలడం మొదలుపెట్టింది.

"ఏమ్మా, ఆకెయ్యవా? పురుగులు తలకాయలెత్తి ఎతకతాండాయి!" అన్నాడు నాయన.

"నాలుగు జ్వరాలు అయిపాయ గదప్పా, సాలు. తినేది వచ్చె, పాకేది వచ్చె. ఇంగేం కావల్ల?"

నాయన పురుగుల తట్టల వైపు చూశాడు, అవ్వ వైపు చూశాడు, గుమ్మంలో నిలబడ్డ నా వైపు చూశాడు.

"పురుగూ పిల్లా ఒగటేనామ్మా?"

"కాదు. పురుగులైతే ఇంగో తూరి తెచ్చుకోవచ్చు."

నాయన పెట్టె దగ్గరికి పోయి టీసీ తీసి నా చేతిలో పెట్టాడు. అవ్వ అప్పుడు లేచింది. ముగ్గురం కలిసి తట్టలన్నిటికీ ఆకు వేశాం. నేను వేసినదాంట్లో సగం నేలమీదే పడింది. గంతులు వేస్తూ వేస్తే పడదా మరి!

జూన్‌లో నాయన నన్ను సైకిలు మీద చింతామణి తీసుకుపోయాడు. మిడిల్ స్కూలు హెడ్‌మాస్టరు, చౌడమ్మ అని నా పేరు రాసుకుంటూ, ఐదో క్లాసు కాగానే మాన్పించరు కదా అని కన్నడంలో అడిగారు. నాయన చేతులు కట్టుకుని నిలబడి తెలుగులోనే జవాబు చెప్పాడు.

"ఎనిమిది దాకా మీ దగ్గరే సార్. అయినాంక హైస్కూలు యాడుండాది? ఇప్పుడే చూసిపెట్టుకొని పోతా."