మెషినమ్మ జవాబులు

కుట్టు మెషిన్లు బాగుచేసే ఆ కొట్టుకు వచ్చేవాళ్ళలో మెషినమ్మ నోటికి జడవనివాళ్ళు లేరు. సూది తిరగేసి పెట్టుకుని మెషిన్ పాడైందని మోసుకొచ్చినవాళ్ళను ఆవిడ ముందు చెడామడా తిట్టేది, తరవాత సూది సరిగ్గా పెట్టి ఊరికే పంపేసేది. ఆ తిట్ల కోసమే వచ్చేవాళ్ళు కూడా ఉన్నారని కూతురు అంటూ ఉండేది. అలాంటి మనిషి అల్లుడి ముందు మాత్రం పిల్లి. గొంతు సగానికి సగం తగ్గించి, "రండి బాబూ" అంటూ కుర్చీ తుడిచి మరీ కూర్చోబెట్టేది. పెళ్ళయి ఏడేళ్ళయినా ఆ మర్యాద వీసమెత్తు తగ్గలేదు.

అల్లుడిది వెబ్‌సైట్లు తయారుచేసే పని. నోట్లో నాలుక లేని మనిషి. పెళ్ళయిన మొదటి ఏడాదే అత్తగారి కొట్టుకు ఒక సైటు కట్టిపెట్టాడు. అందులో ప్రశ్నలూ జవాబులూ అని ఒక పేజీ ఉంది. ఎక్కడెక్కడివాళ్ళో తమ మెషిన్ల రోగాలు అందులో రాసేవారు. తీరిక దొరికినప్పుడు మెషినమ్మ కాగితం మీద జవాబు గిలికి ఇస్తే, అల్లుడు సైట్లో ఎక్కించేవాడు. "దారం తెగుతోందని దారాన్ని తిడతావేం, టెన్షన్ స్క్రూ బిగించిన నీ చేతిని అడుగు" లాంటివి మూడు వందల పైచిలుకు పోగయ్యాయి. ఆవిడ చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. ఆ పేజీ తెరిచి చూసుకున్నప్పుడల్లా, నేనూ ఏదో రాసిన మనిషినేనన్న సంతోషం పొంగుకొచ్చేది. ఆ మాట మాత్రం ఎవరికీ చెప్పేది కాదు.

ఒక ఆదివారం భోజనాల దగ్గర అల్లుడు శుభవార్త చెప్పాడు. పెద్ద కంపెనీలో ఉద్యోగం వచ్చింది, పై సోమవారం చేరాలి.

"నేను చూసే సైట్లన్నీ కంపెనీ కిందికి మార్చేస్తున్నానండీ, మీది కూడా. ఇకమీదట అన్నీ వాళ్ళే చూసుకుంటారు. రాతంతా తీసేసి వాళ్ళ పద్ధతిలో కొత్తగా రాయిస్తారట."

"చాలా సంతోషం బాబూ" అంది మెషినమ్మ. కంచంలో సగం అన్నం అలాగే వదిలేసి లేచింది.

మర్నాడు ఎదురుగా ఉన్న ఫొటో స్టూడియో ఆయనతో ఈ మాట అంటే, ఆయన తల పట్టుకున్నాడు.

"నా సైటూ ఇలాగే పోయిందమ్మా. కట్టినవాడు తన పేరునే పెట్టుకున్నాడు. ఆ పని వేరేవాళ్ళకి ఇస్తానని నేనంటే, సైటు పేరు తనదే, అందులో రాతా తనదేనన్నాడు. నా కొట్టు గురించి నేను చెప్పిన మాటలవి. కాగితం లేకపోతే ఎవరేం చేస్తారు? ముందు మీది ఎవరి పేరున ఉందో కనుక్కోండి."

కూతురికి ఫోన్ చేసింది. "ఆయన పేరునే ఉందమ్మా, అప్పట్లో నీకు మెయిల్ కూడా లేదుగా" అంది కూతురు. అత్త సొత్తు అల్లుడు దానం చేశాడని సామెత చెబితే ఇంట్లో అందరికంటే గట్టిగా నవ్వేది మెషినమ్మే. ఈసారి నవ్వు రాలేదు.

"నువ్వే ఆయనకి చెప్పవే" అని బతిమాలింది.

"నువ్వే అడగొచ్చుగా. అడగందే అమ్మయినా పెట్టదంటారు."

"అల్లుణ్ణి నాది నాకిమ్మని అడిగిన అత్తని ఎక్కడైనా చూశావా?"

"కొట్టుకొచ్చినవాళ్ళందర్నీ దులిపేస్తావు, ఆయన దగ్గరకొచ్చేసరికి ఏమొచ్చిందమ్మా? మీ ఇద్దరి మధ్యా నన్ను నలగ్గొట్టకు" అని కూతురు ఫోన్ పెట్టేసింది.

బుధవారం అల్లుడు అటుగా వెళుతూ కొట్టులోకి వచ్చాడు. అడిగేద్దామనే అనుకుంది మెషినమ్మ. నోరు తెరిచిన ప్రతిసారీ "ఇంకొంచెం కాఫీ పుచ్చుకోండి బాబూ" అనే మాటే వచ్చింది. ఆ అబ్బాయి కాదనలేక మూడు కప్పులు తాగి వెళ్ళాడు. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత ఒకటుంది గానీ, అత్తా అల్లుళ్ళ కథలో చెప్పుకునే సామెత కాదది.

శనివారం ఒకావిడ మెషిన్ తెచ్చింది. మెషినమ్మ రసీదు పుస్తకం తీసింది. ఆ రసీదులో రెండు గీతలు వేరువేరుగా ఉంటాయి: తెచ్చినవారు, యజమాని. ఒకప్పుడు ఒక తోడికోడలు ఇచ్చిన మెషిన్‌ను ఇంకో తోడికోడలు పట్టుకుపోతే, కొట్టు ముందు జుట్లు పట్టుకున్నంత పనయింది. అప్పటినుంచీ ఆ రెండు గీతలూ నింపకుండా ఆవిడ మెషిన్ మీద చెయ్యి వెయ్యదు. ఆ రోజు "యజమాని" దగ్గర పేరు రాస్తూ రాస్తూ పెన్ను ఆపింది. ఇన్ని వేల మెషిన్లు విప్పి బిగించాను, బాగుచేశాను కదా అని ఒక్కటైనా నాదనుకున్నానా, అనిపించింది.

సాయంత్రం అల్లుడు రాగానే, ఈసారి కాఫీ మాట ఎత్తకుండా రసీదు రాసి, అందరికీ తోసినట్టే బల్ల మీదుగా తోసింది.

అల్లుడు చదివాడు. తెచ్చినవారు: అత్తగారు. వస్తువు: సైటు ఒకటి. విడిభాగాలు: సైటు పేరు, ఫొటోలు, జవాబులు. ఫిర్యాదు: యజమాని పేరు తప్పు పడింది.

మళ్ళీ మొదటినుంచీ చదివాడు. తల ఎత్తాక చూస్తే మొహమంతా నవ్వు.

"అత్తయ్యగారూ, నేను వారం నుంచీ ఇదే మీకెలా చెప్పాలా అని చస్తున్నానండీ. కంపెనీకి ఇవ్వడం నాకు ఇష్టం లేదు. మీ చేతికే ఇస్తానంటే, ఉద్యోగం రాగానే అత్తగారి పని వదిలించుకున్నాడని అనుకుంటారేమోనని భయం."

"ఈ మాట బుధవారమే అనొచ్చుగా బాబూ."

"మీరు చెప్పనిచ్చారా? కాఫీ పోస్తూనే ఉన్నారు."

అప్పటికప్పుడు కూర్చుని ఆవిడకు మెయిల్ తెరిచాడు, సైటును ఆవిడ పేరు మీదికి మార్చాడు. పాస్‌వర్డ్ పెట్టే ముందు "కాస్త అటు తిరగండి" అంది మెషినమ్మ. అల్లుడు బుద్ధిగా గోడవైపు తిరిగి నిలబడ్డాడు. పేరు మారిస్తే చాలదు, రాత కూడా మీదేనని కాగితం ఉండాలన్నాడు. ఫొటోలు తను తీసినవే గనక అవి ఇచ్చేస్తున్నట్టు మొదటి లైను రాశాడు. తరవాత జవాబులు ఒక్కొక్కటే తెరిచారు.

"ఇది నాది. ఇదీ నాదే. ఇందులో తిట్టు చూడండి, అచ్చం నాదే" అంటూ వచ్చిన మెషినమ్మ ఒకచోట ఆగిపోయింది. చనిపోయిన అమ్మ మెషిన్ మూలన పడి ఉంది, అమ్మేయాలా అని ఎవరో అడిగారు. దాని కింద ఇలా ఉంది: "అది ఇక కుట్టకపోయినా ఫరవాలేదు. నెలకోసారి రెండు చుక్కల నూనె వేసి తిప్పండి. ఆ చప్పుడు వినడానికైనా ఉంచుకోండి."

ఈ జవాబు చదివి కళ్ళు తుడుచుకుంటూ కొట్టుకు వచ్చినవాళ్ళు ఎంతమందో. ఎప్పుడో రాసే ఉంటాననుకుని ఆ పొగడ్తలన్నీ పుచ్చేసుకుంది.

"ఇది నాది కాదు. నేను ఇంత మెత్తగా ఎప్పుడైనా మాట్లాడానా బాబూ?"

అల్లుడి చెవులు ఎర్రబడ్డాయి. "మీ మణికట్టు విరిగి రెండు నెలలు కట్టు వేశారు కదండీ. పేజీ ఆగిపోతే మీరు బాధపడతారని నేనే రాశాను. మొత్తం పదకొండు."

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రెండు నెలలూ ఈ అబ్బాయి భోజనాల దగ్గర మెషిన్‌లోని బాబిన్ గురించీ షటిల్ గురించీ ఒకటే ప్రశ్నలు. అత్తగారిని సంతోషపెట్టడానికి ఏదో మాట కలుపుతున్నాడనుకుంది. మెషినమ్మకు ఆ క్షణంలో అల్లుడి మీద ముంచుకొచ్చిన ప్రేమ ఇంతా అంతా కాదు.

"అవీ మీ పేరునే ఉండనివ్వండి అత్తయ్యగారూ."

"ఆ పప్పులు నా దగ్గర ఉడకవు. నా మాటలు పోతాయని వారం రోజులు నిద్రపోలేదు నేను, మీవి కాజేస్తానా? ఆ పదకొండింటి కిందా మీ పేరు వేసుకోండి" అంది, కొట్టుకు వచ్చినవాళ్ళతో మాట్లాడే గొంతుతో. ఏడేళ్ళలో అల్లుడి ముందు ఆ గొంతు లేవడం అదే మొదలు.

అతను "జవాబు: మెషినమ్మ అల్లుడు" అని వేసుకున్నాడు.

ఉద్యోగంలో చేరిన వారానికే ఒక ప్రశ్న వచ్చింది. "ఇది అల్లుడుగారికి మాత్రమే. అమ్మగారు తిడతారు" అని పైనే రాసి ఉంది. సూది తిరగేసి పెట్టి మూడు నెలలు కుట్టిన ఘనుడెవరో. అల్లుడు ఓపిగ్గా, మెత్తగా జవాబు రాసి, ఎక్కించే ముందు అత్తగారికి చూపించాడు. మెషినమ్మ రెండుసార్లు చదివింది. చెయ్యి దురద పెట్టింది. పెన్ను తీసి, మళ్ళీ కింద పెట్టింది.

"బాబూ, ఇక్కడ ఒకే ఒక్క తిట్టు పడితే నిండుగా ఉంటుంది. వెయ్యనా? మీ సొత్తు కదా, అడగాలిగా."

అల్లుడు కుర్చీలో వెనక్కి వాలి, కాలు మీద కాలు వేసుకుని, నిమిషంసేపు దర్జాగా ఆలోచించాడు.

"కుదరదండీ అత్తయ్యగారూ" అన్నాడు.

మెషినమ్మ నవ్విన నవ్వుకు ఎదురు కొట్టులోంచి ఫొటో స్టూడియో ఆయన బయటికి వచ్చి చూశాడు.