మందుల కింది పెట్టె

చొక్కాకి ఎడమ చెయ్యి కుట్టడం అయింది, కుడి చెయ్యి సగంలో ఉంది. అప్పుడే ఫోను మోగింది.

"టైలరమ్మా, నా సైకిలు సీటు కనపడట్లేదు! అంతా తేనెటీగలే!" రొట్టెల దుకాణం ఆయన కంగారుగా అరిచాడు.

ఆమె చొక్కాను మిషను మీదే వదిలేసి లేచింది. మోకాళ్ళు అరిగిన మనిషి, మెట్లు ఎక్కాలంటే రెండుసార్లు ఆలోచిస్తుంది. తేనెటీగల మాట వింటే మాత్రం కాళ్ళు నేల మీద నిలవవు.

"అక్కా, గుంపు దిగింది!"

పక్క గదిలో మంచం మీద అక్క కళ్ళు తెరిచింది. చెల్లెలికి కత్తెర పట్టడమూ, ఈగలను పట్టడమూ నేర్పింది అక్కే. వానాకాలంలో వాళ్ళ తేనెటీగల పెట్టెలు రెండూ ఖాళీ అయిపోయాయి. తరవాత అక్క మంచాన పడింది. డాక్టరు గదిలో చెప్పని మాట గుమ్మం బయట చెల్లెలికి చెప్పి వెళ్ళాడు. అక్కకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. "చలి పోయాక ఒక్క గుంపు పట్టి ఈ కిటికీలో పెట్టవే. ఆ రొద వింటూ పోతాను" అంది. చలి పోయి చాన్నాళ్ళయింది. ఇవాళే మొదటి గుంపు.

రొట్టెల దుకాణం ముందు, సైకిలు సీటు కింద గుమ్మడికాయంత ముద్ద వేలాడుతోంది. ఈగలు, వాటి మీద ఈగలు. రొట్టెలాయన తలుపు చాటు నుంచి తొంగి చూశాడు.

"కుట్టవు కదా?"

"ఇల్లు వదిలేటప్పుడు కడుపు నిండా తేనె తాగి వస్తాయి. తిన్నవాడికి పోట్లాడే ఓపిక ఎక్కడుంటుంది?"

"మా మామగారికి ఉంటుంది" అన్నాడాయన.

ఆమె దుప్పటి పరిచి, వెంట తెచ్చిన ఖాళీ పెట్టె పెట్టి, సైకిలును ఒక్క కుదుపు కుదిపింది. ఈగలు దుప్పటి మీద జలజలా రాలి, బారులు తీరి పెట్టెలోకి నడిచాయి. ఆమె సంతోషం పట్టలేక పైకే నవ్వేసింది. నవ్వు ముగియకముందే ఒకటి బయటికి వచ్చింది. తరవాత పది. తరవాత అన్నీ జుమ్మంటూ లేచి మళ్ళీ సీటుకే అతుక్కున్నాయి.

గుంపు ఇలా ఎంతోసేపు ఆగదు. చోటు వెతకడానికి వెళ్ళినవి ఏదో తొర్ర చూసుకుని వచ్చాయంటే అన్నీ లేచిపోతాయి, వెనక పరిగెత్తినా దొరకవు. ఆమె ఇంటికి పరుగెత్తింది.

"లోపలికి వెళ్ళి బయటికొచ్చేశాయి అక్కా!"

"పెట్టెని ఏం చేశావు?"

"ఏం చేస్తాను? సబ్బు పెట్టి తోమాను, ఎండబెట్టాను, అద్దంలా..."

అక్క మోచేతి మీద లేచింది. అలా లేచి ఎన్నాళ్ళయిందో.

"నీ శుభ్రం తగలెయ్య! వాటికి పాత మైనం వాసన కావాలే. అది కడిగేశాక ఇల్లనుకుంటాయా, ఆస్పత్రి అనుకుంటాయా? ఇదిగో, ఈ పెట్టె పట్టుకుపో."

రెండో పెట్టె మంచం పక్కనే ఉంది, మందులు పెట్టుకునే బల్లగా. అక్క చేత్తో ఒక్క తోపు తోసింది. సీసాలన్నీ పక్క మీద దొర్లాయి.

"మరి మందులు..."

"పరిగెత్తవే!"

రొట్టెలాయన ఈసారి తలుపు చాటున లేడు. సైకిలు కదలకుండా హ్యాండిలు రెండు చేతులా పట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. మళ్ళీ కుదుపు, మళ్ళీ జలజల. పాత మైనం మరకలున్న పెట్టె గుమ్మం దగ్గర కొన్ని ఈగలు ఆగాయి. తోకలు పైకెత్తి, రెక్కలు ఆడించడం మొదలుపెట్టాయి. మిగతావాటిని రమ్మనే పిలుపు అది.

"రాణి ఈగ లోపలుంది!" అని ఆమె వీధంతా వినపడేలా అరిచింది. ఆయన ఎందుకో తెలియకుండానే చప్పట్లు కొట్టాడు.

పొద్దు వాలి, తిరగడానికి వెళ్ళినవి కూడా చేరాక, గుమ్మానికి గుడ్డ కట్టి పెట్టెను ఇంటికి తెచ్చింది. అక్క మంచం పక్క కిటికీలో మూతి బయటికి ఉండేలా పెట్టి గుడ్డ విప్పింది. అక్క కళ్ళజోడు తీసి మూత మీద పెట్టి, పెట్టెకు చెవి ఆనించింది.

"మంచి గుంపేనే" అంది. "ఆ చొక్కా రెండో చెయ్యి ఎవరు కుడతారు? వెళ్ళు. నేను వింటున్నాగా."

చెల్లెలు మిషను ముందు కూర్చుంది. కుడుతూనే రొట్టెలాయన మామగారి సంగతి గట్టిగా చెప్పింది. పక్క గదిలోంచి అక్క నవ్వు వినపడింది. ఆ నవ్వుకి ఆమెకు ప్రాణం లేచివచ్చింది. చెయ్యి పూర్తిచేసి, దారం పంటితో తెంపి, చూపించడానికి చొక్కా పట్టుకుని వచ్చింది.

అక్క చెవి పెట్టెకే ఆని ఉంది. ముఖంలో నవ్వు ఇంకా పోలేదు. చెల్లెలు ఆమె చెయ్యి పట్టుకుని పిలిచింది, మళ్ళీ పిలిచింది. పెట్టె లోపల రొద మాత్రం ఆగలేదు. ఆమె చొక్కాలో ముఖం దాచుకుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, పెట్టెకు ఇటువైపు తన చెవి ఆనించింది.

మూత మీద అక్క కళ్ళజోడు ఉంది. దారి తప్పి గదిలోకి వచ్చిన ఒక ఈగ దాని అద్దం మీద తాపీగా నడుస్తోంది.