కమలాకర్ సినిమాకు శిగమొచ్చిన ఆదివారం

కమలాకర్ తీసిన సినిమాలో మాటలు లేవు. మాటలు లేకపోవడమే దాని గొప్పతనమని అతను ఆర్నెల్లుగా ఇంట్లో ఆపకుండా మాట్లాడుతున్నాడు.

వినే భాగ్యం వదిన సంధ్యారాణిది. ఇంట్లో ఇంగ్లీషు లిటరేచర్‌తో బీఏ చదివింది ఆమె ఒక్కతే. పైగా చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఒకచోట కదలకుండా దొరికే మనిషి కూడా ఆమే.

“వదినా, ఇది కథ గాదు, అనుభవం. చూసేటోడు పరేషాన్ గావాలె. కడుపుల దేవినట్టు గావాలె.”

“దానికి సినిమా ఎందుకు కమలాకర్? మీ అన్న వండిన చేపల పులుసు పెట్టినా అయితది గదా.”

కమలాకర్ పుణెలో నెల రోజుల కోర్సు చేసి వచ్చినవాడు. ఆ నెలలో ఒక గడ్డం, ఒక గుడ్డసంచీ, “మధ్యతరగతి ఉక్కపోత” అనే ఒక మాట సంపాదించుకున్నాడు. ఉక్కపోత గురించి రాసుకునేది మాత్రం ఏసీ గదిలోనే. ఎల్బీనగర్ చౌరస్తా వెనకాల తాతల పొలాలు ప్లాట్లుగా మారిన కాలంలో కట్టిన ఇల్లది. తల్లి అండాలమ్మ అన్నం కలిపి గది దాకా తెచ్చిస్తే, తిని, మళ్లీ ఉక్కపోతలో పడేవాడు.

సినిమా పేరు ‘విందు మైనస్ ఒకటి’. కొందరు డాన్సర్లు ఒక ఫ్లాటులో పార్టీ చేసుకుంటూ ఉంటారు. ఎవరో బయట గొళ్లెం పెట్టేస్తారు. మొదట నవ్వుకుంటారు, తర్వాత తలుపు బాదుతారు, ఆ తర్వాత ఒకరినొకరు పీక్కుంటారు. పాట మాత్రం ఆగదు. పాట ఆగదు గనక ఆటా ఆగదు. చివరికి అందరూ కుప్పకూలిపోగా ఒక్క పిల్ల మిగిలి, జుట్టు విరబోసుకుని, కెమెరాలోకి రెప్పవేయకుండా చూస్తూ ఊగుతుంది. గొళ్లెం ఎవరు పెట్టారో చెప్పడు. చెబితే అది మామూలు సినిమా అయిపోతుందట.

ఆ ఊగే పిల్ల సంధ్యారాణి కూతురు వర్ష.

మిగతావాళ్లూ దిల్‌సుఖ్‌నగర్‌లో వర్ష నేర్చుకునే డాన్స్ క్లాసు పిల్లలే. బంద్ ఉన్న రోజుల్లో క్లాసు ఉండదు గనక వాళ్లు ఖాళీ. తెలంగాణ కోసం బస్సులు, బడులు, దుకాణాలు అన్నీ ఆగిపోయిన రోజులు చూసుకుని, ఆగలేని వాళ్ల సినిమా తీశాడు కమలాకర్. ఇందులో లోతైన అర్థం ఉందని తర్వాత చెప్పాడు. తీసేటప్పుడు పిల్లలు దొరకడమే అర్థం.

అసలు చిక్కు వర్ష తండ్రి జనార్ధన్‌తో వచ్చింది. ఆయన కాలనీ ఉద్యమ కమిటీలో పెద్దమనిషి. ఇంట్లో నాలుగు దోసెలు తిని రిలే నిరాహార దీక్ష టెంటులో కూర్చుని, సాయంత్రం నిమ్మరసంతో విరమించి, ఇంటికొచ్చి “ఆకలైతుంది, తొందరగ పెట్టు” అనే త్యాగమూర్తి. కూతురి డాన్సు ఆయనకు మొదటినుంచీ గిట్టదు. సినిమా సంగతి తెలియగానే తీర్పు చెప్పేశాడు.

“మనోళ్లందరి నడుమల కూసొని జూస్త. ఒక్కడన్న నా బిడ్డను జూసి నోరు లేపిండనుకో, తెల్లారేసరికల్లా డాన్సు బంద్. చెప్తున్న.”

“అన్ని బంద్‌లు మీరే జేస్తే ఎట్ల? ప్రభుత్వానికి గూడ జర ఉంచున్రి,” అంది సంధ్యారాణి.

పైకి అంత తేలిగ్గా అంది గానీ, ఆ రాత్రి వర్ష తన ప్రాక్టీసు బూట్లు తుడిచి, కవర్లో చుట్టి, బీరువా మీద పెట్టడం చూసింది. ఏడవలేదు, గొడవ పెట్టుకోలేదు, తలుపు విసిరి కొట్టలేదు. ఊళ్లో అందరికీ నోరున్న కాలంలో పదిహేడేళ్ల పిల్ల నోరు మూసుకుని బూట్లు సర్దిందంటే, అది చిన్న సంగతి కాదని సంధ్యారాణికి తెలుసు.

మర్నాడు మరిదికి చాయ్ ఇచ్చే నెపంతో వెళ్లి, లాప్‌టాప్‌లో ఆ ఆఖరి దృశ్యం చూసింది. వర్ష బాగా చేసింది. భయపడేంత బాగా చేసింది. తెల్లగుడ్లు, చెమట, మొహాన పడ్డ జుట్టు, నడుము దగ్గర మొదలై మెడ దాకా పాకే ఆ ఊపు. ఇది బంధువులు చూస్తే వర్ష బతుకు బీరువా మీదే.

“ఇది మన దగ్గర ఎవ్వలూ జెయ్యలే వదినా. ఐరోపాలనే జేస్తరు,” అన్నాడు కమలాకర్.

సంధ్యారాణి గ్లాసు చేతిలో పట్టుకుని ఆలోచించింది. ఐరోపా సంగతి ఆమెకు తెలియదు. బాలాపూర్ నుంచి వచ్చే కిష్టమ్మ పెద్దమ్మ మాత్రం ప్రతి ఆషాఢంలోనూ బోనాల ముందు శిగమొచ్చి, ఒంటి మీదికి అమ్మవారే దిగి, ఇంతకంటే బాగా ఊగుతుంది, అదీ లైటింగు లేకుండా. అప్పుడు ఈ జనార్ధనే చేతులు కట్టుకుని ఎదుట నిలబడి, “తప్పైంది తల్లీ” అంటాడు.

“ఎప్పుడు ఏస్తున్నవ్ గీ సినిమా?” అని అడిగింది.

“వచ్చే శనివారం. మనోళ్ల ఫంక్షన్ హాల్ల. సెలెక్టెడ్ ఆడియెన్స్.”

“శనివారమొద్దు. ఆదివారం పెట్టు. బోనాలెత్తినంక చుట్టాలు ఎట్లైనా ఉంటరు గదా, అత్తమ్మ మనసు గూడ నిండుతది.”

అత్తమ్మ మనసు నిండింది. కొడుకు సినిమా తీశాడన్న వార్త హయత్‌నగర్ దాకా తానే చేరవేసింది. కమలాకర్ సెలెక్ట్ చేసుకున్న ప్రేక్షకులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అండాలమ్మ సెలెక్ట్ చేసినవాళ్లు రెండు డీసీఎం వ్యాన్లు.

ఆదివారం పొద్దున సంధ్యారాణి బోనం నెత్తిన పెట్టుకుని గుడికి నడిచింది. అమ్మవారి ముందు బోనం దించుతూ లోపల్లోపల చెప్పుకుంది: “ఈ పూటకు నీ పేరు జర వాడుకుంట తల్లీ. పిల్ల కోసం. కోపం జెయ్యకు.” అడిగి చేసేవాళ్లు తక్కువ గనక అమ్మవారు ఆశ్చర్యపోయి ఉండవచ్చు.

సాయంత్రం ఫంక్షన్ హాలు పసుపు వాసనతో నిండిపోయింది. ఆడవాళ్లు గుడి నుంచి నేరుగా వచ్చారు, కాళ్లకు పసుపుతో, కొంగుల్లో వేపాకుతో. అండాలమ్మ ఒళ్లో అమ్మవారి ముందు నేల మీద సాక పోయగా మిగిలిన పసుపునీళ్ల చెంబు అలాగే ఉంది. ముందు వరసలో జనార్ధన్, గులాబీ కండువాతో, ఇరుపక్కలా కమిటీవాళ్లతో. వెనక ఎక్కడో వర్ష, జీన్స్ ప్యాంటులో, మొహం కనబడకుండా చిప్స్ ప్యాకెట్ అడ్డం పెట్టుకుని. సంధ్యారాణి అత్తగారికి ఒకపక్క తాను కూర్చుని, తన పక్కన ఎదురింటి అమ్మాజీని కూర్చోబెట్టుకుంది. అమ్మాజీది భీమవరం వైపు. ఉద్యమం మొదలయ్యాక కాలనీలో గట్టిగా మాట్లాడటం మానేసి, చెవిలో మాట్లాడటంలో ప్రావీణ్యం సంపాదించింది.

కమలాకర్ మైకు తీసుకుని, “ఇందులో మీకేం అర్థం కాకపోతే అదే దాని విజయం,” అన్నాడు.

సినిమా మొదలైన కాసేపటికే అది ఘనవిజయమని తేలిపోయింది.

“గీ పాట ఇందాకటి పాటనే గదరా?” “పార్టీ అన్నరు, బువ్వేది?” “గా తలుపు బయటికి తియ్యాల్నా, లోపలికి తియ్యాల్నా? జర సూడున్రయ్య!” ఒక ముసలాయన తెర మీది పిల్లలకు సన్నటి పుల్లతో తలుపు గొళ్లెం ఎలా జరపాలో చెప్పడం మొదలుపెట్టాడు. కమలాకర్ గోడకు జారగిలబడి గడ్డం పీక్కుంటున్నాడు. అతను కోరుకున్న ఉక్కపోత ఎట్టకేలకు వచ్చింది, కాకపోతే అతనికొక్కడికే.

అమ్మాజీ చెవిలో అంది: “ఏవండీ, వీళ్లు కిటికీలోంచి ఎవర్నైనా పిలవచ్చు కదండీ?”

“పిలిస్తే సినిమా అయిపోతది.”

అప్పుడు వర్ష ఒక్కతే మిగిలింది. జుట్టు విరబోసుకుంది. ఊపు మొదలైంది.

ముందు వరసలో ఎవడో కమిటీ మనిషి, “ఏందన్నా, మన పిల్లనే గదా? గిదేం ఆటన్నా?” అన్నాడు. జనార్ధన్ కండువా సర్దుకుని లేచాడు. వెనక వరసలో చిప్స్ నమిలే చప్పుడు ఆగిపోయింది.

సంధ్యారాణి అత్తగారి వైపు వంగి, ఉప్పు చాలిందా అని అడిగే గొంతుతో ఒక్క మాట అంది.

“అత్తమ్మా, మన వర్ష కండ్లు జూసిన్రా?”

అండాలమ్మ చూసింది. కళ్లు చిట్లించి ఇంకోసారి చూసింది. చెంబు పట్టుకుని లేచి నిలబడింది.

“ఓ యమ్మా! శిగమొచ్చింది! పిల్లకు శిగమొచ్చిందే!”

తర్వాత సంధ్యారాణి చేయవలసింది ఏమీ లేకపోయింది. కిష్టమ్మ పెద్దమ్మ తనకు మించిన ఊపును చూసి ముందు కొంచెం ముఖం మాడ్చుకుని, వెంటనే భక్తిలోకి దిగింది. ఆడవాళ్లు కొంగుల్లోంచి వేపాకు తీశారు. అండాలమ్మ తెర కిందికి వెళ్లి పసుపునీళ్లు సాక పోసింది. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. సౌండ్ బాక్సుకు బొట్టు పెట్టారు.

“అమ్మా! అది యాక్టింగే! నేనే జెప్పిన అట్ల ఊగమని!” కమలాకర్ పరుగెత్తుకొచ్చాడు.

“నీకేమెరుకరా? నువ్వు మిషిన్ ఎనుక ఉన్నవ్. మిషిన్ ముంగటికి ఎవలొచ్చిన్రో నీకెట్ల తెలుస్తది?”

పుణె కోర్సులో ఈ పాఠం లేదు. అండాలమ్మ పెద్దకొడుకు వైపు తిరిగింది.

“జనార్ధనూ, నిలవడి సూస్తవేందిరా? దండం బెట్టు!”

లేచినవాడు లేచినట్టే ఉన్నాడు జనార్ధన్. కోపంతో లేచిన మనిషి భక్తితో లేచినట్టు కనబడటానికి చెప్పులు విడిస్తే చాలు. విడిచాడు. చేతులు జోడించాడు. ఇంతమంది ముందు ఊరికే దండం పెడితే బాగుండదని, కమిటీ హోదాకు తగిన ప్రశ్న వేశాడు.

“తల్లీ, తెలంగాణ ఒస్తదా?”

తెర మీద వర్ష నెమ్మదిగా, రెప్పవేయకుండా, అవునన్నట్టు తల ఊపింది.

హాలు దద్దరిల్లింది. “జై తెలంగాణ!” జనార్ధన్ కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. ఆ కన్నీళ్లు చూసి సంధ్యారాణి ఒక క్షణం తన వెటకారం పక్కన పెట్టింది. క్షణమే, ఎందుకంటే సినిమా ఇంకా అయిపోలేదు. కమలాకర్ ఆ ఆఖరి షాటును రెండు రకాలుగా తీసి, ఏది వదలాలో తేల్చుకోలేక, రెండూ వరసగా పెట్టి దాన్ని ప్రయోగం అన్నాడు. రెండో వర్ష అంతే నెమ్మదిగా కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

ఎత్తిన పిడికిళ్లు గాల్లోనే ఆగిపోయాయి.

అమ్మాజీ చెవిలో అంది: “డిసెంబరు తొమ్మిదిన ఔననీ, ఇరవైమూడున కాదనీ... మీ అమ్మవారిది కూడా ఢిల్లీ మాటేనేంటండీ?”

సంధ్యారాణి కొంగు నోట్లో కుక్కుకుంది. చూసినవాళ్లు ఆమె కూడా భక్తితో కదిలిపోయిందనుకున్నారు. అండాలమ్మ మాత్రం ఏమాత్రం తడబడలేదు.

“అమ్మకు కోపమొచ్చింది! ఎవలో పిల్లను బాధ వెట్టిన్రు! ఏం తప్పు జేసినవ్‌రా, జెప్పు!”

అందరూ జనార్ధన్ వైపు చూశారు. ఇలాంటి చోట తప్పు ఒప్పుకోనివాడికి అన్నం పుట్టదు.

“డాన్సు... బంద్ జేస్త అన్న,” అన్నాడు నేల చూస్తూ.

“అమ్మ ఆడుకునే కాళ్లురా అవి! ఆపుతవా? తెలంగాణ గూడ రానియ్యవా?”

కమిటీవాళ్లు ఆయన వైపు చూసిన చూపులో, రాష్ట్రం ఆగిపోవడానికి అసలు కారకుడు దొరికాడన్న కసి ఉంది. జనార్ధన్ తప్పైందన్నాడు, రెండుసార్లు. అప్పటికి తెర నల్లబడింది. ఆడవాళ్లు వెనక్కి తిరిగి, జీన్స్ ప్యాంటులో ఉన్న వర్ష మీద పడ్డారు, కాళ్లకు పసుపు రాయడానికి. పిల్ల బెదిరి తల్లి వైపు చూసింది. సంధ్యారాణి కళ్లతోనే ‘కదలకు’ అంది. వర్ష చిప్స్ ప్యాకెట్ పక్కన పెట్టి, ప్యాంటు కాస్త పైకి లాక్కుని, కాళ్లు చాపింది. ఆ చాపడంలో ఉన్న రాజసం చూసి, ఇది తన కూతురేనని సంధ్యారాణికి మళ్లీ నమ్మకం కుదిరింది.

భోజనాల దగ్గర కమలాకర్ ప్లేటు ముట్టకుండా కూర్చున్నాడు.

“ఒక్కరికి గూడ అర్థం గాలే వదినా.”

“గదే దాని విజయం అంటివి గదా. తిను, సల్లగైతుంది.”

మర్నాడు పొద్దున బీరువా మీది కవరు మాయమైంది. జనార్ధన్ తానే బండి తీసి, కూతుర్ని దిల్‌సుఖ్‌నగర్‌లో దింపడానికి వెళ్లాడు. కోచింగ్ సెంటరు పైన, మూడో అంతస్తులో క్లాసు. ఏం తోచిందో, గుమ్మం బయటే చెప్పులు విడిచి, లోపలికి వెళ్లి, పాట మొదలైనప్పుడు అందరి ఎదుటా చేతులు కట్టుకుని నిలబడ్డాడట.

ఇంటికి వట్టి కాళ్లతో వచ్చాడు.

“చెప్పులేవి?” అంది సంధ్యారాణి ఉప్మా వడ్డిస్తూ.

“ఎవడో ఎత్కపోయిండు. కొత్తయి.”

“గుడి కాడ గంతేనండి,” అంది ఆమె, ఇంకో గరిటె వేస్తూ. “రేపటి సంది పాతయి ఏస్కపోన్రి.”